గడ్డి తిన్నదెవరు?

(హోసూరులో జరిగిన యువజన కూడికలో చేసిన ప్రసంగం. మాట్లాడినదాన్ని దాదాపు అలాగే ఉంచాం.)



లడఖ్ గురించి మాట్లాడతారట అనగానే పాంగాంగ్ సరస్సు ఫోటోలు చూపిస్తామనుకుని కొందరు ముందుకొచ్చి కూర్చున్నారు. ఫోటోలు తేలేదు. 2009లో 'త్రీ ఇడియట్స్' సినిమా వచ్చిన దగ్గర్నుంచీ ఆ సరస్సు ముందు నిలబడి ఫోటో దిగనివాళ్లే తక్కువయ్యారు. మేము చెప్పదలచుకున్నది ఆ ఫోటోల్లో నీళ్ల వెనక కనిపించే గోధుమరంగు నేల గురించి. ఫోటోలో అది ఖాళీగా ఉంటుంది. చూసినవాళ్లు "ఒక్క చెట్టు కూడా లేదు, ఉత్త బంజరు" అంటారు. వెళ్లకముందు మేమూ అలాగే అనేవాళ్లం.

ఆ నేల పేరు చాంగ్‌తాంగ్. టిబెట్ పీఠభూమి పడమటి కొస మన లడఖ్‌లోకి చొచ్చుకొచ్చిన భాగం అది. మన దక్షిణాన దొడ్డబెట్ట శిఖరం 2,637 మీటర్లు. చాంగ్‌తాంగ్‌లో జనం గుడారం వేసుకుని టీ కాచుకునే చోటే 4,500 మీటర్లు ఉంటుంది. సముద్రమట్టం దగ్గర పీల్చే గాలి ఒత్తిడిలో అరవై శాతం కూడా అక్కడ ఉండదు. వర్షమా? మనం కరువుసీమ అని చెప్పుకునే అనంతపురంలో ఏడాదికి 550 మిల్లీమీటర్లు పడితే, లేహ్‌లో పడేది 100 మిల్లీమీటర్లు అటూ ఇటూ. రుతుపవనాలను హిమాలయాలు అవతలే ఆపేస్తాయి. చలికాలంలో సున్నాకు దిగువన 30 డిగ్రీలు, కొన్ని రాత్రులు అంతకంటే కిందికి.

రెండేళ్ల కిందట మేము నలుగురం వెళ్లాం. లేహ్‌లో రెండు రోజులు కదలకుండా పడుకోండి అని అందరూ చెప్పారు. మాలో ఒకాయన ఉత్సాహం ఆపుకోలేక మొదటి రోజే కొండ మీది మఠం మెట్లెక్కి, వాంతులతో దిగొచ్చాడు. మూడో రోజు సింధు నది పక్కనే పైకి ప్రయాణం. ఉప్షి, చుమథాంగ్ దాటి, మాహే దగ్గర వంతెన దాటితే నది వెనకబడుతుంది. ఇక అక్కడి నుంచి కొండల మధ్య విశాలమైన మైదానాలు. డ్రైవరు తమ్ముడు బండి ఆపి, "దిగి కూర్చోండి, నిలబడితే ఏమీ కనబడదు" అన్నాడు.

కూర్చున్నాక కనిపించింది. రాళ్ల మధ్య జానెడు జానెడు దూరంలో గడ్డి కుచ్చులు. నేలకు అతుక్కున్న మెత్తటి దిండ్లలాంటి మొక్కలు. మాచిపత్రి జాతి మొక్కల వాసన. ముళ్లతో కారగానా పొదలు. ఇవి పొట్టిగా ఉన్నాయంటే బలహీనంగా ఉన్నాయని కాదు. పైన ఉన్నదానికంటే నేల కింద, వేళ్లలోనే ఆ మొక్కల శరీరం ఎక్కువ. ఏడాదిలో పెరగడానికి వాటికి దొరికేది మూడు నాలుగు నెలలే, తక్కిన కాలమంతా కింద దాచుకున్నదానితో బతకాలి. అందుకే ఒక జీపు దారి తప్పి ఆ నేల మీద పోతే, చక్రాల జాడ ఏళ్ల తరబడి మానదు. మన పొలంలో ట్రాక్టరు జాడ ఒక్క వానకు పోతుంది. ఇక వాగుల వెంట, సరస్సుల అంచున పచ్చటి చిత్తడి బీళ్లుంటాయి. మొత్తం నేలలో అవి కొంచెమే, కానీ మేకకైనా అడవి జంతువుకైనా కొంగకైనా ప్రాణం అక్కడే. గొడవ కూడా అక్కడే.

మొదట కనిపించిన పెద్ద జంతువు కియాంగ్. అడవి గాడిద. గాడిద అనగానే మీరు నవ్వుతున్నారు గానీ, అడవి గాడిదల జాతులన్నిటిలోకీ పెద్దది అదే. ఎర్రమట్టి రంగు వీపు, తెల్లటి పొట్ట, నిటారుగా నిలబడ్డ జూలు. బండిని చూస్తే పారిపోకుండా బండితో పందెం పెట్టుకున్నట్టు పక్కనే పరుగెత్తుతుంది. కొందరు యాత్రికులు సరదాకి వాటి వెంట బండి తోలుతారు. ఊపిరి తీసుకోవడమే కష్టమైన చోట ఆ పరుగు వాటికి ఎంత ఖర్చో మనకు తెలియదు.

కోర్జోక్ పైన ఒక చాంగ్పా కుటుంబం గుడారంలో మాకు ఉప్పు వేసిన వెన్న టీ ఇచ్చారు. చాంగ్పాలంటే ఆ నేల మీద మేకలు, గొర్రెలు, యాక్‌లు కాచుకుంటూ తిరిగే ప్రజలు. అక్కడి పెద్దావిడను డ్రైవరు తమ్ముడు 'అమా-లే' అని పిలిచాడు. మన 'అమ్మగారు' లాంటిది. మేము ఎవరమని ఆమె అడిగితే 'సంఘ కాపరులం' అని చెప్పించాం. ఎన్ని మేకలున్నాయి అని ఆమె వెంటనే అడిగింది. ఒక్కటీ లేదంటే చాలాసేపు నవ్వింది. ఆ నవ్వు మాకు బాగానే తగిలింది. కాపరి అనే మాటను ఇన్నేళ్లుగా వాడుకుంటున్నాం, ఒక్క పూట మేక వెనక నడిచి ఎరుగం.

తర్వాత ఆమె బాధ చెప్పుకుంది. గడ్డి తగ్గిపోయింది. చలికాలానికని దాచిపెట్టుకున్న బీట్లో కియాంగ్‌లు మంద మందగా వచ్చి తినేస్తున్నాయి. వాటిని కొట్టకూడదని చట్టం, మా మేకలు ఏం తినాలి? న్యాయమైన ప్రశ్నే. మేము తలూపాం. పేద కాపరి ఒకవైపు, చట్టం అండ ఉన్న జంతువు ఒకవైపు. ఎవరి పక్షం అంటే మావాళ్లు ఏం చెబుతారో మీకు తెలుసు.

తిరిగొచ్చాక చదివితే లెక్క వేరుగా ఉంది. హాన్లే లోయలో పరిశోధకులు ఇదే ప్రశ్న పట్టుకుని కొలిచారు, 2006లో ప్రచురించారు. ఆ లోయలో జంతువులు తినే మేతలో కియాంగ్‌ల వాటా 3 నుంచి 4 శాతం. 95 శాతానికి పైగా తింటున్నది పెంపుడు పశువులు. మరి అమా-లే అబద్ధం చెప్పిందా? లేదు. గడ్డి తగ్గింది నిజం. కియాంగ్ మంద ఆమె బీట్లోకి వచ్చిందీ నిజం. కళ్ల ముందు మేస్తున్నదాన్నే కదా మనిషి చూడగలిగేది. ఆ గడ్డిని అసలు తిన్నవాళ్లు ఆ మైదానంలో నిలబడి కనిపించరు.

ఎవరు వాళ్లు? ఒక్కొక్కటే చెబుతాం.

1959 నుంచి 1962 దాకా టిబెట్‌లో జరిగినవి మీకు తెలుసు. అక్కడి సంచార కుటుంబాలు తమ మందలతో సహా ప్రాణాలు చేతబట్టుకుని ఇటు వచ్చాయి. చాంగ్పాలు వాళ్లకు చోటిచ్చారు. అదే సమయంలో 1962 యుద్ధం తర్వాత చలికాలం మేతకు ఆధారమైన బీళ్లు కొన్ని అవతలకు పోయాయి. అంటే మందలు పెరిగాయి, నేల తగ్గింది. ఆ కథ అప్పటితో ముగియలేదు. 2020 గల్వాన్ ఘర్షణ తర్వాత ఇరుసైన్యాల మధ్య కొన్ని చోట్ల ఎవరూ అడుగుపెట్టకూడని పట్టీలు ఏర్పడ్డాయి. 2024 జనవరిలో చుషూల్ వైపు కాపరులు చైనా సైనికుల ఎదుట నిలబడి, ఇది మా తాతల మేతభూమి అని వాదిస్తున్న వీడియో దేశమంతా చూసింది. చేతిలో కర్ర తప్ప ఏమీ లేని మనుషులు.

రెండోది శాలువా. సోలాపూర్ నుంచి వచ్చిన మన పద్మశాలి పెద్దలు ఇక్కడ ఉన్నారు, నూలు సన్నదనం గురించి వాళ్లకు మేము చెప్పనక్కరలేదు. చాంగ్‌తాంగ్ మేకకు చలికి పైవెంట్రుకల కింద ఒక మెత్తటి నూగు పెరుగుతుంది. ఒక్కో పోగు 12 నుంచి 15 మైక్రాన్లు. అదే పశ్మీనా. వేసవి మొదట్లో మేక ఆ నూగును ఎలాగూ రాల్చుకుంటుంది, కాపరులు దాన్ని దువ్వెనతో దువ్వి తీస్తారు. ఒక మేక నుంచి ఏడాదికి పావుకిలో వస్తే గొప్ప, శుభ్రం చేస్తే అందులో సగానికి పైగా పోతుంది. దీని వ్యాపారం ఎంత పాతదంటే, 1684లో తింగ్‌మోస్‌గాంగ్ ఒప్పందంలోనే ఈ ఉన్ని కొనే హక్కు కాశ్మీరుకు రాసిచ్చారు. కాపరి సంతకం అందులో లేదని వేరే చెప్పాలా! ఇప్పుడు బజారులో పశ్మీనాకు గిరాకీ పెరిగే కొద్దీ మందల్లో యాక్‌లు, గొర్రెలు తగ్గి మేకలు పెరిగాయి. చేతికి డబ్బు తెచ్చేది అదే మరి. పిల్లవాడిని లేహ్‌లో హాస్టల్లో ఉంచి చదివించాలంటే గొర్రెపాలతో అవుతుందా? అంటే ఢిల్లీలోనో ప్యారిస్‌లోనో ఎవరో భుజాన వేసుకున్న శాలువా కూడా ఆ బీట్లో మేస్తోంది.

శాలువా మాట వచ్చింది గనుక షాతూష్ సంగతి కూడా. అది పశ్మీనా కాదు. చిరు అనే టిబెట్ జింకలాంటి అడవి జంతువు ఉన్నితో చేసేది. దాన్ని దువ్వి తీయడం కుదరదు, చంపి తీయాలి. ఒక్క శాలువాకు మూడు నుంచి అయిదు ప్రాణాలు. అంతర్జాతీయ వ్యాపారం 1979 నుంచే నిషిద్ధం, అయినా రాష్ట్ర చట్టంలోని వెసులుబాటు వల్ల జమ్మూ కాశ్మీరులో 2002 దాకా సాగింది. మీ ఇంట్లో పెళ్లికి ఎవరైనా 'ఉంగరంలోంచి దూరే శాలువా' అని అమ్మజూపితే రెండు ప్రశ్నలు వేయండి.

మూడోది కట్టుబాటు. రుప్షు లాంటి చోట్ల 'గోబా' అనే ఊరిపెద్ద ఉంటాడు. ఏ లోయకు ఎప్పుడు కదలాలి, ఏ బీడును చలికాలానికి ముట్టకుండా ఉంచాలి అన్నది ఆయన చెప్పాలి, అందరూ వినాలి. మన ఊళ్లలో చెరువు కింద నీరుకట్టు ఉండేవాడు గుర్తున్నాడా, అలాంటి ఏర్పాటే. నేల కుదించుకుపోయి, మనుషులు పట్నానికి వెళ్లిపోతుంటే ఆ కట్టుబాటు సడలింది. ఖర్నాక్ కాపరుల్లో చాలామంది లేహ్ పక్కన ఖర్నాక్‌లింగ్ అనే కాలనీలో ఉంటున్నారు. మేము అక్కడికీ వెళ్లాం. కూలిపనులు, డ్రైవరు పనులు. మా డ్రైవరు తమ్ముడు అక్కడివాడేనని అప్పుడే తెలిసింది. గడ్డి చూడటానికి కూర్చోమన్నది ఎందుకో కూడా.

ఇంత జరిగాక నేరం గాడిద మీద పడింది. ఇది ఆ ఒక్క కొండ మీద జరిగింది కాదు. అదే పీఠభూమి మీద చైనా వైపు పైకా అనే చిన్న జంతువు ఉంది. తోక లేని ఎలుకలా ఉంటుంది గానీ కుందేలుకు దగ్గరి చుట్టం. బొరియలు తవ్వుతుంది, చలికాలమంతా నిద్రపోకుండానే గడుపుతుంది. బీళ్లు పాడవుతున్నాయి, కారణం ఇదే అని 1950ల చివర్నుంచి దానికి విషం పెట్టారు. దశాబ్దాల పాటు, లెక్కలేనంత నేల మీద. తర్వాత శాస్త్రవేత్తలు తేల్చినదేమిటంటే, మందలు ఎక్కువై గడ్డి పొట్టిదైన చోటికే పైకాలు ఎక్కువగా చేరతాయి. గడ్డి పొడుగ్గా ఉంటే శత్రువు కనబడదని వాటికి భయం. పాడైన నేలకు అవి గుర్తు, కారణం కాదు. పైగా వాటి బొరియల్లో పిచ్చుకజాతి పక్షులు గూడు పెట్టుకుంటాయి, నేలలోకి నీరు ఇంకేదీ వాటి గుండానే. పైకాలను చంపితే నక్కలు, గద్దలు, ఎలుగులు ఏం తినాలి?

మౌనంగా పోయినవాళ్ల సంగతి కూడా చెప్పాలి. టిబెట్ గజెల్, అక్కడ గోవా అంటారు. సన్నటి కాళ్లు, వెనక హృదయం ఆకారంలో తెల్లటి మచ్చ. వందేళ్ల కిందట లడఖ్‌లో దాదాపు 20,000 చదరపు కిలోమీటర్లలో తిరిగేది. 2006 నాటికి అది తిరిగే చోటు 100 చదరపు కిలోమీటర్లకు కుదించుకుపోయింది, మిగిలినవి సుమారు 50. వేట కొంత, మేత దొరకకపోవడం కొంత. ఇది ఎవరి బీట్లోకీ మందగా రాలేదు గనుక దీన్ని ఎవరూ తిట్టలేదు. ఎవరూ గమనించనూ లేదు.

ఇక మా తప్పు. సో మోరిరి సరస్సు ఒడ్డున యాత్రికుల గుడారాల్లో రాత్రి భోజనం. ఎత్తులో ఆకలి ఉండదు, అన్నం సగం మిగిలింది. బయట చలిలో ముడుచుకున్న కుక్కలు. పాపం అనిపించి మేమే పెట్టాం. పొద్దున్న పక్షుల లెక్క చూసే ఒక కుర్రాడు కనిపించి, చాలా మర్యాదగా, ఆ కుక్కలు ఏం చేస్తాయో చెప్పాడు. నల్లమెడ కొంగ అక్కడి చిత్తడిలో నేల మీదే గూడు పెడుతుంది. రెండే గుడ్లు. మన దేశంలో అది పిల్లల్ని చేసే ముఖ్యమైన చోటు తూర్పు లడఖే. ఇప్పుడు లడఖ్ అధికార పక్షి కూడా. యాత్రికులు, సైనిక శిబిరాలు పారేసిన తిండితో కుక్కల సంఖ్య పెరిగి, మందలుగా తిరిగి ఆ గుడ్లనూ పిల్లల్నీ తినేస్తున్నాయి, కియాంగ్ పిల్లల్ని కూడా వదలవు. సో మోరిరికి 2002లో, సో కర్‌కు 2020లో రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. బోర్డు ఉంది. బోర్డు కిందే కుక్క పడుకుని ఉంది. జాలితో మేము వేసిన అన్నం ఎవరి గూట్లోకి వెళ్లిందో ఆ కుర్రాడు చెప్పేదాకా మాకు తట్టలేదు.

అక్కడివాళ్లు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. తోడేళ్లను పట్టడానికి పాతకాలంలో రాళ్లతో పెద్ద గోతులు కట్టేవారు, 'శాంగ్‌దాంగ్' అంటారు. లోపల ఎరగా మేకను కడితే, దూకిన తోడేలు మళ్లీ ఎక్కలేదు. అప్పుడు పైనుంచి రాళ్లతో కొట్టి చంపేవారు. మేకలు పోగొట్టుకున్న కోపం అది, దాన్ని తక్కువ చేయలేం. 2018లో చుషూల్ ప్రాంతంలో ఊరివాళ్లే, తమ లామాలతోనూ వన్యప్రాణి కార్యకర్తలతోనూ మాట్లాడుకుని, అలాంటి గోతుల గోడలు కొంత తీసి తోడేలు బయటపడే దారి చేశారు. పక్కన స్తూపం కట్టుకున్నారు. గోతిని పూర్తిగా పడగొట్టలేదు, తాతల కష్టం గనుక ఉంచారు. దానితో పాటు కొన్ని ఊళ్లలో మేకల దొడ్లకు పైన ఇనుప జాలీ, గట్టి తలుపు. ఒక్క రాత్రి మంచు చిరుత దొడ్లో దూరితే ఇరవై ముప్పై మేకలు పోవచ్చు. జాలీ ఉంటే ఆ కుటుంబానికి చిరుత మీద పగ ఉండదు.

ఆఖరిది సోలార్. ఈ మాట జాగ్రత్తగా చెప్పాలి, ఎందుకంటే బొగ్గు వద్దు, సూర్యుడి కరెంటు కావాలి అని ఇదే వేదిక మీద మేమే మాట్లాడాం. ఆ మాట వెనక్కి తీసుకోవడం లేదు. 2023 అక్టోబరులో కేంద్ర మంత్రివర్గం లడఖ్‌లో 13 గిగావాట్ల ప్రాజెక్టు కరెంటును హర్యానాలోని కైథల్ దాకా 713 కిలోమీటర్ల లైన్లతో తేవడానికి 20,773 కోట్ల పైచిలుకు పథకం ఆమోదించింది. ఆ ప్రాజెక్టుకు అనుకున్న చోటు చాంగ్‌తాంగ్‌లోని పాంగ్. కాగితం మీద అది ఖాళీ నేల. అక్కడ మందలు తోలుకునేవాళ్లకు ఖాళీ కాదు.

కర్ణాటక నుంచి వచ్చిన మీకు దీన్ని విడమర్చి చెప్పనక్కరలేదు. పావగడ మన తెలుగు వినిపించే తాలూకా. అక్కడ దాదాపు 13,000 ఎకరాల్లో 2,050 మెగావాట్ల సోలార్ పార్కు వచ్చింది. భూమి ఉన్న రైతుకు ఎకరానికి ఏడాదికి 21,000 రూపాయల కౌలుతో మొదలైంది. చాలామందికి అది మేలే, కాదనం. భూమి లేని కూలీకి ఏ కౌలు వచ్చింది? ఆ బీళ్లలో మేకలు కాసుకున్నవాడికి? అతని పేరు ఏ పట్టాలోనూ లేదు. చాంగ్‌తాంగ్‌లో మేతభూమి ఉమ్మడిది. అంటే అక్కడ దాదాపు అందరూ ఈ మనిషి లాంటివాళ్లే. 2024 మార్చిలో సోనమ్ వాంగ్‌చుక్ 21 రోజులు ఉపవాసం ఉన్నది, ఆ తర్వాత 'పశ్మీనా మార్చ్' అని సరిహద్దు బీళ్ల దాకా నడుస్తామన్నది ఇందుకే, మా నేల గురించి మమ్మల్ని అడగండి అని. ఆ నడకకు అనుమతి దొరకలేదు. నిషేధాజ్ఞలు పెట్టారు, వాళ్లు విరమించుకున్నారు.

ప్యానెళ్లు వద్దని అక్కడ మాతో మాట్లాడినవాళ్లెవరూ అనలేదు. ఏ లోయ చలికాలపు బీడో, కియాంగ్ ఎక్కడ ఈనుతుందో మాకు తెలుసు, గీత గీసే ముందు మమ్మల్ని పిలవండి అన్నారు. గోబా దగ్గర ఆ పటం తలలోనే ఉంటుంది.

ఇప్పుడు పని మాట. ఆ సరస్సుల దగ్గర పిల్లల్ని చేసే ఇంకో పక్షి ఉంది. బూడిదరంగు బాతు, తల వెనక రెండు నల్ల చారలు. ఇంగ్లీషువాళ్లు బార్‌హెడెడ్ గూస్ అంటారు. పలచటి గాలిలోంచి కూడా ప్రాణవాయువు పట్టుకోగల రక్తం దానిది, హిమాలయాలను రెక్కలు కొట్టుకుంటూనే దాటుతుంది. ఈ జాతి బాతులు చలికాలానికి ఒడిశాలో చిలికాకూ, తిరునెల్వేలి దగ్గర కూంతన్‌కుళంకూ, గదగ్ జిల్లా మాగడి చెరువుకూ వస్తాయి. మీలో బరంపురం నుంచి వచ్చినవాళ్లు చిలికాలో చూసే ఉంటారు, పేరు తెలియక పోయుంటుంది.

జనవరి రెండో శనివారం మాగడికి ఒక బండి మాట్లాడుతున్నాం. పగలంతా చెరువులో ఉండి, రాత్రిళ్లు చుట్టుపక్కల పొలాల్లో మేస్తాయట. కాబట్టి చెరువు చూసి వచ్చేయడం కాదు, అక్కడి రైతులతో కూడా కూర్చుందాం. పంట ఎంత పోతోందో, ఎవరి మీద కోపంగా ఉన్నారో అడుగుదాం. బైనాక్యులర్ ఉన్నవాళ్లు తెచ్చుకోండి. తిండి ఎవరికి ఎంత కావాలో ముందే చెప్పండి, మిగలకూడదు.